చలివేంద్రానికి బిందెతో వచ్చిన సుబ్బమ్మ

ఈ రోజు మా ప్రొద్దుటూరు వీధిలో నీళ్ల ప్లాంటు యజమాని ఉచిత చలివేంద్రం తెరిచాడు. ఒకప్పుడు చలివేంద్రానికి పందిరి, కుండ ఉంటే చాలు. ఇప్పుడు ముందు ఫ్లెక్సీ కడతారు, నీళ్లు తర్వాత వస్తాయి. ఆయన ప్లాంటుకు లోతుగా బోరు వేశాక పక్కింటి సుబ్బమ్మ బోరు ఎండిపోయింది. ఆమె బిందెతో వచ్చింది.

“బిందెలకు పొయ్యమక్కా, ఈడ గ్లాసుతోనే. బిందె కావాలంటే ప్లాంటు కాడ దుడ్లిచ్చి పట్టుకో,” అన్నాడాయన.

“మా బోరులో నీళ్లే కదప్పా ఇవి. సరే, గ్లాసుతోనే పొయ్యి,” అంటూ ఆమె ఒక్కో గ్లాసూ అందుకుని బిందెలో పోసుకుంది.

విలేకరులు ఫొటోలు తీస్తున్నారు కాబట్టి, బిందె నిండేదాకా ఆయన చిరునవ్వుతో పోస్తూనే ఉన్నాడు. వ్యాపారి సామాజిక బాధ్యతను ఇంత దగ్గరగా నేనెన్నడూ చూడలేదు. రేపు నేనూ బిందెతో పోతున్నాను, ఎవరెవరు వస్తారో చెప్పండి.