ఒంగోలు రక్తానికి బొప్పాయి సాయం

ఎనభైలు ముగుస్తున్న ఆ రోజుల్లో నా నోటికీ చేతులకీ తీరిక ఉండేది కాదు, బుర్రకు మాత్రం బోలెడంత విశ్రాంతి. పదో తరగతి గట్టెక్కలేక, ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ దగ్గర పశువుల పరిశోధన కేంద్రంలో పనిచేసే బాబాయి ఇంటికి చేరాను. ఆయనే బతిమాలి అక్కడి వంటగదిలో నన్ను పెట్టించాడు. మూపురం ఉన్న సంకరజాతి గిత్తలనూ, అక్కడ తరతరాలుగా ఉన్న ఎర్ర గిత్తలనూ ఒకే మేతతో పెంచి, దేనికి మాంసం ఎక్కువ పడుతుందో, ఏది మెత్తగా ఉంటుందో చూడటం వాళ్ళ పని. ఉప్పు కూడా వెయ్యకుండా ఆ రెండింటి మాంసాన్నీ కాల్చి పెట్టడం నా పని. తూకంలో మూపురం గిత్తలే నెగ్గాయి. ఇక రుచి చూడటమే మిగిలింది.

ముందురోజు సాయంత్రం, ఈ పరీక్షలన్నీ నడిపే మా టోపీ సార్ (స్నానానికైనా టోపీ తీస్తాడా అని నాకు అనుమానం) "మూపురం రకం బరువుకి బాగుంది గానీ, నమిలితే చెప్పు తోలేమోనని భయం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మూపురంలో మన ఒంగోలు రక్తం ఉందని బాబాయి చెప్పాడు, మాది ఒంగోలు పక్కనే. పైగా చర్చి నుంచి వచ్చాక వండే ఆదివారం కూర ముదురుదైతే మా అమ్మ ఏం చేసేదో నాకు తెలుసు. వంటగది వెనక బొప్పాయి చెట్టుంది. పచ్చికాయ కోరి మూపురం ముక్కలకు దట్టంగా పట్టించి, తెల్లారాక కడిగేశాను. (అమ్మ కాసేపే ఉంచేది. నాది ఎక్కువ ప్రేమ.)

రుచి చూసేవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఎర్ర గిత్త ముక్కలు బుద్ధిగా తెగాయి. మూపురం ముక్క ఫోర్కు ఆనించగానే ఉప్మాలా విడిపోయింది. ఒకావిడ చెంచా అడిగింది. టోపీ సార్ టోపీ తీశాడు.

"వాట్ డిడ్ యూ డూ, లవ్?" అన్నాడు. (అక్కడ ఆడపిల్ల ఎవరైనా 'లవ్' అనే పిలుస్తారు.)

"నథింగ్ సర్. ఓన్లీ పపాయా."

తలుపు దగ్గరున్న బాబాయి గోడకు ఆనుకున్నాడు. "ఏం చేశావే తల్లీ?"

"గట్టిగా ఉంటదన్నారు గదా బాబాయ్. మనోళ్ళ పరువు పోతదని..."

"గట్టిగా ఉంటదో లేదో చూద్దామనేగా ఇన్నాళ్ళూ మేపింది. ఇప్పుడు నా పరువు సంగతేందే?"

ఫ్రీజర్‌లో అవే గిత్తల ముక్కలు కొన్ని విడిగా ఉండబట్టి సరిపోయింది. మరో రోజు వాటిని టోపీ సారే కాల్చాడు. నన్ను గిన్నెలు కడిగే వైపుకు మార్చారు, అంటే బొప్పాయి చెట్టుకు దూరంగా. కాసేపటికి బాబాయి ప్లేటులో ఒక ముక్క తెచ్చాడు. "తిను. నీ సాయం లేకుండా ఎట్టుందో చూడు."

తిన్నాను. ఎర్ర గిత్త కన్నా కాస్త ఎక్కువ నమలాలి, అంతే. బాగుంది. లోపల అందరూ అదే అన్నారట. చెవులు వేడెక్కిపోయాయి. టోపీ సార్ భయపడ్డా, రుచి చూసేదాకా ఆగాడు. నేనైతే మావాళ్ళని వెనకేసుకొస్తూనే, వాళ్ళు ఓడిపోతారని ముందే తేల్చేశాను.

ఇప్పుడు ఆదివారం కూర పొయ్యి మీద పెట్టగానే మా అమ్మాయి "మమ్, పపాయా?" అని నవ్వుతుంది. "ఆగవే" అంటాను. ముందు ఒక ముక్క ఉడకనిచ్చి నమిలి చూస్తాను. చాలాసార్లు కాయ కోసం లేవాల్సిన పనే ఉండదు.