కీబోర్డు ఒప్పుకున్న వేలు

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, విశాఖ పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో నాకు టైపింగ్ ఉద్యోగం దొరికింది. అది పర్మనెంటు కాకముందే మా మేనేజరుకు కొత్త మోజు పుట్టింది. పాస్‌వర్డులు అందరూ అందరికీ చెప్పేసుకుంటున్నారని, మూలన ఎర్రగా వెలిగే గాజుపలక ఉన్న కీబోర్డులు తెప్పించాడు. దాని మీద వేలు ఆనిస్తేనే కంప్యూటరు తెరుచుకుంటుంది. శనివారంలోగా వేలిముద్ర ఎక్కనివాళ్లు కంప్యూటరు వదిలేసి ఫైళ్ల గదికి వెళ్లాలన్నాడు.

అందరి ముద్రలూ ఎక్కాయి, నాది తప్ప. ఎందుకో నాకు తెలుసు. తెల్లారేసరికి అమ్మతో హార్బరు షెడ్డుకు వెళ్లి, ఐసులో రొయ్యలు ఒలిచి, సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని ఆఫీసుకు వచ్చేదాన్ని. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమయ్యేదని ఇప్పుడు అడిగితే నవ్వొస్తుంది గానీ, అప్పుడు చచ్చేంత సిగ్గు. నా బొటనవేళ్లూ చూపుడువేళ్లూ పెంకులకు అరిగి నున్నబడ్డాయి.

శుక్రవారం నాడు వేళ్లు మెత్తబడతాయని కొబ్బరినూనె రాసుకుని వెళ్లాను. నా తెలివికి దండం పెట్టాలి. గాజుపలక జిడ్డయిపోయి, మేనేజరు వేలిని కూడా గుర్తుపట్టడం మానేసింది.

"ఏవమ్మా, పొద్దున్నే గారెలు వండి వచ్చావా ఏంటి?" అన్నాడాయన. ఆయనది గోదావరి వైపు.

సాయంత్రం ఇంటికెళ్లి అమ్మ దగ్గర ఏడ్చేశాను.

"ఉజ్జోగం పోనాదేటే?" అంది అమ్మ.

"రేపు పోతాది. రొయ్యలు నా ఏళ్లు తినేసినాయే."

అమ్మ నా చెయ్యి తిప్పి తిప్పి చూసింది. "ఈ సిటికినేలు సూడు. ఒలిసినంతసేపూ మారాణిలాగ పైకెత్తుకుని కూకుంటాది. ఎన్నిసార్లు తిట్టినాను దీన్ని. రేపు ఇదే పెట్టి సూడు."

శనివారం చిటికెనవేలు పెడతానంటే మేనేజరు వింతగా చూసి, ఎందుకని అడిగాడు. ఇక దాచలేక రొయ్యల సంగతి చెప్పేసి, వేలు ఆనించాను. తెర మీద నా పేరు వచ్చింది. 

"ముందే చెప్పొద్దా అమ్మా," అన్నాడు మేనేజరు. "మంచి రొయ్యలు తెమ్మని మా ఆవిడ నా ప్రాణం తీస్తోంది."

ఇన్నాళ్లూ నేను దాచింది ఈ మనిషి దగ్గరా అనిపించింది.

మర్నాడు షెడ్డులో ఒలుస్తుంటే, ఏదో ధ్యాసలో నా చిటికెనవేలు కూడా పనిలోకి దిగింది. అమ్మ నా చేతి మీద చిన్నగా కొట్టింది.

"దానికి పని సెప్పకే. అది ఉజ్జోగం సేత్తంది."