ఆపకుండా వదిలేసిన టేపు

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేకనే మీకు చెబుతున్నాను. ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి లోపల మోస్తున్నాను. ఆడిన రోజున అది చిన్న అబద్ధమే. మోసేకొద్దీ బరువెక్కింది.

ఎనభైల మొదట్లో నేను విశాఖపట్నంలో పరిశోధన చేసేదాన్ని. రేడియో వినడం వల్ల ఇంట్లో ఆడవాళ్ల మాటకు విలువ పెరుగుతుందా అన్నది నా విషయం. మాది వేరే జిల్లా. ఆ ఊళ్లో నా అన్నవాళ్లు లేరు. ఒక గది అద్దెకు తీసుకుని, రోజూ టేప్ రికార్డరు సంచిలో పెట్టుకుని గాజువాక బస్సెక్కేదాన్ని.

నూకరత్నం అక్కడే పరిచయమైంది. భీమిలి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్లది. భర్త అప్పారావుకి పోర్టులో పని దొరికితే గాజువాకలో కాపురం పెట్టారు. ఇద్దరు ఆడపిల్లలు. మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం వేళకి ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా ఆమె రేడియో చుట్టూ చేరేవారు. మొదటి రోజే నన్ను "సెల్లీ" అని పిలిచింది. అన్నం తిన్నావా అని ఆ ఊళ్లో నన్ను అడిగిన మనిషి ఆమె ఒక్కతే. పని లేని రోజుల్లో కూడా సర్వే పేరు చెప్పి వెళ్లేదాన్ని.

మా పనిలో ఒక అలవాటుంది. మాటలు రికార్డు చేశాక, మాట్లాడినవాళ్లకి కాస్త వినిపిస్తాం. తమ గొంతు తామే విని నవ్వుకుంటారు, బెరుకు పోతుంది. నూకరత్నమైతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వేది. "ఓలమ్మా, నా గొంతు ఇలాగుంటాదేటి!" అనేది. మాట్లాడిన మనిషికి తప్ప ఇంకెవరికీ వినిపించకూడదు. అది నియమం.

ఒకరోజు రేడియోలో వచ్చే పాటల గురించి చెబుతూ చెబుతూ గొంతు తగ్గించింది. రెండో కాన్పులో ఆమె చావు తప్పి బయటపడిందట. రేడియోలో డాక్టరమ్మ చెప్పింది విని, ఎవరికీ చెప్పకుండా పెద్దాసుపత్రికి వెళ్లి, మళ్లీ కడుపు రాకుండా లూపు వేయించుకుందట. అప్పారావు, అత్తగారు మగపిల్లాడి కోసం ఎదురుచూస్తున్నారు. "ఇది మట్టుకు ఎవులికీ ఇనిపించకు సెల్లీ," అంది. ఒట్టు పెట్టాను.

లోలోపల సంబరపడ్డాను. నా పరిశోధనకు అంతకన్నా ఏం కావాలి? కానీ మా గైడుగారు పెదవి విరిచారు. అన్నీ ఆడవాళ్ల మాటలేనా, ఇలాంటివి తెలిస్తే మొగుళ్లు ఏమంటారో రాయకపోతే ఎలా అన్నారు. నా తప్పు ఆయన మీదకి తోయడం లేదు. ఆయన ఆ రోజు గాజువాకలో లేరు.

ఆ తర్వాత వెళ్లినప్పుడు అప్పారావు ఇంట్లోనే ఉన్నాడు. డ్యూటీ దిగి, స్నానం చేసి, హుషారుగా ఉన్నాడు. తన పెళ్లాం గొంతు ఆ పెట్టెలోంచి ఎలా వస్తుందో వినిపించమన్నాడు. నూకరత్నం వంటింట్లో చేపలు వేయిస్తోంది. పాటల కబుర్ల దగ్గర్నుంచి పెట్టాను. అతను మురిసిపోయాడు. తర్వాత ఏం వస్తుందో నాకు తెలుసు. వేలు బటన్ మీదే ఉంది. ఆపాలనుకోలేదా? అనుకున్నాను. మరెందుకు ఆపలేదు? ఇతను ఏమంటాడో చూద్దాం, ఒక్కసారి చూద్దాం అన్న కుతూహలం నన్ను పట్టేసింది. ఇది నా చదువుకోసమే కదా అని ఆ క్షణంలోనే నాకు నేను సర్దిచెప్పుకున్నాను కూడా.

లూపు మాట వచ్చేసింది. నూకరత్నం అట్లకాడ చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మొగుడి వైపు చూడలేదు. నా వైపే చూసింది. అప్పుడైనా ఆపానా? లేదు. అప్పారావు అరవలేదు. లేచి, చొక్కా తగిలించుకుని, బయటికి వెళ్లిపోయాడు. రాసుకోవడానికి పనికొస్తుందని అది కూడా గుర్తుపెట్టుకున్నాను.

మళ్లీ వెళ్లేసరికి ఇంటికి తాళం. లూపు తీయించి, పిల్లలతో సహా ఆమెను అత్తగారి ఊరు పంపేశాడని, రేడియో అమ్మేశాడని పక్కింటామె చెప్పింది.

కొన్ని నెలల తర్వాత పని మీద భీమిలి వెళితే బస్టాండులో కనిపించింది. నిండు కడుపు. పాలిపోయిన మొహం. తప్పించుకుందామనుకున్నాను. తనే పిలిచింది.

"సెల్లీ, ఒక్క మాట సెప్పు. ఆ రోజు ఎందుకాపలేదు?"

"బటన్ ఇరుక్కుపోయింది అక్కా. ఎంత నొక్కినా ఆగలేదు."

నమ్మింది.

"నాను అదే అనుకున్నాను. నువ్వలాంటిదానివి కాదని మాయత్తతో కూడా అన్నాను. మిషను సెడిపోతే నువ్వేటి సేత్తావ్? ఊరుకో, ఏడకు. అన్నం తిన్నావేటి?"

అవును, నేను ఏడుస్తున్నాను. జాలితో కాదు, దొరికిపోతానేమోనన్న భయంతో. బస్సు వస్తే ఎక్కేశాను.

ఆ కాన్పు ఏమైందో నాకు తెలియదు. ఆమె బతికిందో లేదో తెలియదు. తెలుసుకోవడం ఏమంత కష్టం? ఒక్క బస్సెక్కితే చాలు. ఎక్కలేదు. పేర్లు మార్చి, అప్పారావు లేచి వెళ్లిపోవడం థీసిస్‌లో రాశాను. పరీక్షకులు ఆ అధ్యాయాన్నే మెచ్చుకున్నారు. ఆ క్యాసెట్ మీద ఇంకెవరి మాటలో రికార్డు చేసేశాను, కాబట్టి ఆమె గొంతు కూడా ఇప్పుడు నా దగ్గర లేదు.

ఇప్పుడు ఒంటరిగానే ఉంటున్నాను. ఎవరైనా నమ్మి ఏదో చెప్పుకోబోతే, పనుందని లేచిపోతాను. అన్నం తిన్నావా అని అడిగేవాళ్లు లేరు. నాకిలా జరగాల్సిందే అనిపిస్తుంది. అలా అనుకోవడం కూడా నా మీద నేను జాలిపడటమేనేమో, తెలియదు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆమె ఆ రోజు క్షమించింది కానీ, నన్ను కాదు, మిషనును. ఒక్క మాట బయటికి అనేస్తే చాలు. ఇన్నేళ్లుగా గొంతు దాకా వచ్చి ఆగిపోతున్న మాట.

బటన్ ఇరుక్కోలేదు అక్కా. నేనే ఆపలేదు.