వలయంలో ఖాళీ

ప్రతి ఆదివారం పొద్దున్నే స్కార్ఫ్ ఇస్త్రీ చేసుకుని జ్యోతిరాణి అందరికన్నా ముందే కలకత్తా వాట్‌గంజ్ మైదానానికి వస్తుంది. తెలుగు, బెంగాలీ, ఉర్దూ పిల్లలు కలిసి ఉన్న గైడ్స్ దళానికి ఆమె కెప్టెన్. ప్రతిజ్ఞ ఎవరి భాషలో వాళ్లు చెప్పుకోవచ్చు, కానీ ఎవరూ బయట మిగలకూడదు. అదే ఆమె పట్టుదల. పిల్లలు గుండ్రంగా నిలబడ్డాక తన పక్కన ఒకరు పట్టేంత చోటు వదులుతుంది. ఎవరైనా అందులోకి జరగబోతే, "అక్కడ మనిషుందమ్మా" అంటుంది. అది షబ్నమ్ చోటు. నిరుడు ఘాట్ మెట్ల మీద జ్యోతిరాణి చేతిలోంచి జారి గంగలో పడిన పిల్ల మళ్లీ దొరకలేదు. ప్రతిజ్ఞ కాగానే పక్కవాళ్లతో ఎడమచేయి కలపడం దళం ఆనవాయితీ. జ్యోతిరాణి ఆ ఖాళీలోకి చెయ్యి చాపి, కాసేపు ఉంచి, వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంటుంది. ఎందుకని ఎవరూ అడగరు.

ఈ ఆదివారం ఖాళీకి అవతలివైపు కొత్తగా చేరిన సింధుజ నిలబడింది. ప్రతిజ్ఞ అయ్యాక అందరిలాగే చెయ్యి చాపింది.

"ఏటి దీదీ, ఈ అక్క చెయ్యి ఇంత సల్లగుంది?"

ఎండ మండుతోంది. సింధుజ మణికట్టు మీంచి నీళ్లు కారుతున్నాయి.

జ్యోతిరాణి అటు తిరగలేదు.

"గట్టిగా పట్టుకోమ్మా," అంది. "నాలాగ వదిలీకు."