జావ తాగితే డబ్బులిచ్చిన కాలేజీ

ఆ రోజుల్లో తిరుపతిలో డబ్బు కావాలంటే ఒళ్లు వంచాల్సిందే. పూలు కట్టాలి, మూటలు మోయాలి, లాడ్జీల్లో దుప్పట్లు ఉతకాలి. అలాంటి ఊళ్లో, కూర్చుని తింటే డబ్బులిస్తామని ఒక కాలేజీ వాళ్లు మా వీధికే వచ్చారంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మూడో తరగతితో బడి మానేసిన నేను, బడి గడపే ఎరగని మా అత్త, ఇద్దరం పరిశోధనలో పాల్గొన్నాం. మా బరువులు ఏదో లావుపాటి పుస్తకంలో ఎక్కే ఉంటాయి. (నేనైతే చూడలేదు. చూసినా చదవలేను, ఇంగ్లీషులో ఉంటుందంట.)

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు, పెళ్లయి రెండేళ్లు. మా ఆయన బస్టాండు దగ్గర ఒక లాడ్జీలో యాత్రికులకు గదుల తాళాలిచ్చే పని చేసేవాడు. మా వీధి చివరి టైలరు మద్రాసుకు వెళ్లిపోతూ తన కుట్టుమిషను అమ్మకానికి పెట్టాడు. కాలితో తొక్కే నల్ల మిషను, దాని మీద బంగారు రంగు తీగలు. నాకు జాకెట్లు కుట్టడం వచ్చు, మిషనే లేదు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా దాని చక్రం ఒకసారి తిప్పి వచ్చేదాన్ని. మా ఆయన్ను అడిగితే "పెరటాసి నెల పోనీమ్మే, సూస్తాం" అన్నాడు. (పెరటాసి అంటే మా వైపు అరవ లెక్కన వచ్చే నెల, కొండకు జనం పోటెత్తే కాలం.) టైలరేమో "పెరటాసి ఆఖరుదాకానే ఆగుతానమ్మా" అన్నాడు. సరిగ్గా అప్పుడే, పెరటాసికి ఇంకా పది రోజులుందనగా, వచ్చింది కాలేజీలో చదివే కళ్లద్దాల పిల్ల.

రిక్షాలో బరువు చూసే మిషను, భుజాన సంచి, గాలికి ఎగిరిపోయేంత సన్నటి మనిషి. కోస్తా వైపు పిల్ల. వాళ్ల కాలేజీలో రాగులు, పెసలు, శెనక్కాయలు కలిపి ఒక పిండి చేశారట. నలభై రోజులు రెండు పూటలా అది జావ కాచుకొని తాగాలి. ఇంట్లో వండినది ఎంత తిన్నామో చెప్పాలి. బయటి తిండి మాత్రం ఒక్క మెతుకు ముట్టకూడదు, ముడితే పేరు కొట్టేస్తారు, డబ్బు రాదు. చివరిదాకా నిలబడితే అత్తకూ నాకూ కలిపి వచ్చేది ఆ మిషనుకు సరిపోతుంది.

"తినేదానికి దుడ్లిస్తారా? మా కాలంలో ఎక్కువ తింటే మొట్టికాయలిచ్చేవాళ్లు" అని అత్త మొదట నమ్మలేదు.

"నలభై దినాలు కదత్తా, దీక్ష అనుకో" అన్నాను.

"అట్లయితే సరే" అంది. దీక్ష అంటే ఆమెకు ప్రాణం. గుక్క గుక్కకూ "గోవిందా" అంటూ ముక్కు మూసుకొని తాగేది. (ఆ జావ రుచి చెప్పాలంటే, సున్నం కొట్టిన బకెట్టు కడిగిన నీళ్లలో బెల్లం వేసినట్టుండేది.)

రోజూ సాయంత్రం ఆ పిల్ల వచ్చి మా అరుగు మీద కూర్చొని పుస్తకం తెరిచేది.

"పెద్దమ్మగారూ, ఇవాళ ఏం తిన్నారండీ?"

"పొద్దన్నే మీ జావ. మద్యానం ఇంత సంగటి, ఊరిబిండి పచ్చడి. ఇంగ ఇప్పుడు మళ్లా మీ జావే గదా!"

"బయటివి ఏమైనా?"

"ఈ వయసులో నేను యాడికి పోతా తల్లీ!"

ఆ మాట అంటూనే అత్త లోపలికి వెళ్లి పళ్లెం తెచ్చేది. "ఇదో, కొండ ప్రసాదం. చెయ్యి పట్టు." ఆ పిల్ల పెన్ను పక్కన పెట్టి, లేచి నిలబడి, లడ్డు ముక్క కళ్లకద్దుకొని తినేది. తర్వాత పెన్ను తీసుకొని, బయటి తిండి లేదు అని రాసుకునేది.

ఇందులో మోసమేమీ లేదు. ప్రసాదాన్ని తిండి అనుకోవాలని మాకు తోచలేదు, ఆమెకూ తోచలేదు. అది పెరటాసి నెల. కొండ దిగి వచ్చినవాళ్లు గది ఇచ్చిన మనిషికి ప్రసాదం పెట్టకుండా పోరు. మా ఆయన రోజూ సంచి నిండా లడ్లు, వడలు తెచ్చేవాడు. వద్దంటే కళ్లు పోవూ! శనివారాలు అత్తకు ఉపవాసం. పచ్చి నీళ్లు, దీక్ష జావ తప్ప ఏమీ ముట్టేది కాదు. అంటే మూడు లడ్లు, రెండు వడలు, దొన్నెడు పులిహోర. ఆ పిల్ల భక్తిగా 'ఉపవాసం' అని రాసుకునేది.

వారానికోసారి తూకం. అత్త మిషనుకు దండం పెట్టి, కుడికాలు ముందు పెట్టి ఎక్కేది. ముల్లు వారం వారం ముందుకే జరిగింది. నాదీ అంతే. ఆ పిల్ల మొదట సంతోషించింది, తర్వాత కళ్లద్దాలు తుడుచుకొని చూసింది, ఆ తర్వాత భయపడింది.

ముప్పై ఎనిమిదో రోజు వాళ్ల మేడమే వచ్చేసింది. గంజి పెట్టిన చీర, దానికంటే బిగుసుకున్న ముఖం. మిషను సరిగ్గా ఉందో లేదోనని తానే ఎక్కి చూసింది. చూసిన వెంటనే దిగిపోయింది. (ఎంత చూపించిందో మాకు చెప్పలేదు.)

"జావకు ఇంత బరువా? నువ్వు హాస్టల్లో కూర్చొని అంకెలు రాసుకున్నావు కదూ? రెండేళ్ల చదువు ఇంతటితో ఆపేసి ఇంటికి పో" అని ఆ పిల్ల మీద లేచింది. పిల్ల కళ్లద్దాల కింద నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

కోపంగా ఉన్న మనిషిని చల్లబరచడానికి మా అత్తకు తెలిసిన మందు ఒకటే. పళ్లెం తెచ్చింది. "ప్రసాదం తీసుకో తల్లీ." మేడమ్ తిట్లు ఆపి, చెప్పులు విడిచి, లడ్డు కళ్లకద్దుకొని సగం నోట్లో వేసుకుంది.

ఆ నోటి వంక చూస్తుంటే నాకు అంతా అర్థమైంది. చెబితే పేరు కొట్టేస్తారు, నల్ల మిషను మద్రాసుకు పోతుంది. చెప్పకుంటే ఈ పిల్ల పెట్టె సర్దుకొని ఇంటికి పోతుంది. ఆలోచించే లోపలే నోరు జారింది.

"మేడమ్, మీరిప్పుడు తినింది పుస్తకంలో రాస్తారా?"

"ఇదా? ఇది ప్రసాదం కదమ్మా!"

"మేమూ అట్లనే అనుకొన్నాం. దినామూ తింటా ఉండాం."

మేడమ్ దవడ ఆగిపోయింది. "రోజూనా? ఎంత?"

"లెక్క యాడ పెడతాం? స్వామి ఎంత పంపిస్తే అంత" అంది అత్త గర్వంగా.

మిగిలిన సగం లడ్డు మేడమ్ చేతిలోనే ఉంది. దాన్ని పారేయలేదు, తినలేదు, రాయమనీ చెప్పలేదు. కాసేపటికి కళ్లు మూసుకొని నోట్లో వేసేసుకుంది. చేతులు తుడుచుకొని, పిల్ల వైపు తిరిగి, "ప్రసాదం ఆహారం కిందికి రాదు. పిండి బాగా పనిచేసిందని రాయి" అంది.

ఆమె వీధి మలుపు తిరిగాక అత్త అంది: "నేను మొదటినించి అదే సెప్తా ఉండా. అంత సదివినా ఆయమ్మకు ఇప్పటికి తెలిసింది."

డబ్బు వచ్చింది. మిషనూ వచ్చింది. మొదటి జాకెట్టు ఆ పిల్లకే కుట్టాను. తొడుక్కుంటే చంక దగ్గర పట్టేసింది. కొలత మొదటి వారంలో తీసుకొన్నాను మరి, నలభై రోజులు ఆమె కూడా మా అరుగు మీదే కదా కూర్చుంది! ఆ పిండిని తర్వాత ఏవో పల్లెల్లో పంచారనీ, అక్కడ ఎవరూ లావెక్కలేదనీ, జనం సరిగ్గా తాగలేదని కాలేజీలో రాసుకున్నారనీ తర్వాతెప్పుడో ఆ పిల్లే చెప్పింది.

ఇప్పుడు అత్త లేదు. మిషను ఉంది, నాకు చక్కెర జబ్బు ఉంది. మొన్న డాక్టరు "తీపి ఏమైనా తింటున్నారా?" అని అడిగాడు. "యాడ తింటాను సార్" అన్నాను. ముందురోజే కొండకు పోయి వచ్చామని సంచిలోంచి లడ్డు తీసి ఇచ్చాను. ఆయన కళ్లకద్దుకొని తిని, నాకు ఇంకో మాత్ర పెంచి రాశాడు. "మీరిప్పుడు తినింది చీటీలో రాస్తారా?" అని అడగాల్సిన మాట నా నాలుక చివరే ఉంది. ఇరవై రెండేళ్లప్పుడు మిషను పోతుందని తెలిసీ అడిగేశాను. ఇప్పుడు పోయేదేమీ లేదు, అయినా చీటీ మడిచి సంచిలో లడ్ల పక్కనే పెట్టుకొని వచ్చేశాను. ఆ రోజుల్లోని ఆ కోడలు, అంటే అప్పటి నేను, ఎదురుపడితే నన్ను చూసి తప్పకుండా నవ్వుతుంది. నవ్వనీ. చేతిలో ఒక ముక్క పెడతాను, ఏమీ అనకుండా కళ్లకద్దుకుంటుంది.