ముప్పై ఏళ్ళని రాసిచ్చిన కప్పు

మొన్న మా ఇంటి మెట్ల కింద పెచ్చు ఊడి, తుప్పు పట్టిన చువ్వ బయటపడింది. చూడవచ్చిన ఇంజినీరు ఇంకో పదేళ్ళు ఢోకా లేదన్నాడు. ఆయన ఆ అంకెను అంత తేలిగ్గా అనేయడంతో మా అక్క భర్త, మా బావ, గుర్తొచ్చాడు.

పందొమ్మిది వందల ముప్పైల చివర్లో బోధన్ దారిలో ఒక చిన్న చక్కెర కార్ఖానా ఉండేది; ఇప్పుడు దాని ఆనవాలు లేదు. చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డిని నిలవచేసే తొట్టికి కాంక్రీటు కప్పు వేసిన మేస్త్రీ మా బావ. నిజామాబాద్ నుంచి పత్రికకు వార్తలు రాయడం అప్పుడే మొదలుపెట్టిన నేను వారంలో సగం రోజులు వాళ్ళ క్వార్టర్లోనే తినేవాణ్ణి. బావది సున్నపు మిద్దెల్లో తిరిగిన చెయ్యి. ఆ మిద్దెల్లో ఇనుప దూలం కిందికి కనబడుతూనే ఉంటుంది, ఏటా రంగు వేస్తే సరి. అందుకే చువ్వలు సెంట్రింగు పలకలకు తగలకుండా ఎత్తిపెట్టే సిమెంటు బిళ్ళలను చూసి నవ్వి, ఇనుమును రాళ్ళ మీద కూర్చోబెడతారా అని అన్నీ తీయించేశాడు. పని ముగిశాక కార్ఖానా ఇంజినీరు కప్పు ఎన్నేళ్ళుంటుందని అడిగితే ముప్పై అన్నాడు. కాగితం మీద సంతకమూ పెట్టాడు.

రెండో ఏడు తొట్టి ఖాళీ అయినప్పుడు బావ దిగి చూస్తే కప్పు అడుగున గోధుమరంగు గీతలు, అచ్చం చువ్వలు పరిచిన వరుసలోనే. పులిసిన మడ్డి ఆవిరికీ ఇనుముకూ మధ్య గోరంత మందం కాంక్రీటే ఉంది మరి. ఆ కప్పు మీద నిలబడే పదిమంది కూలీలు పొద్దస్తమానం మడ్డి తోడేవాళ్ళు. బిళ్ళలు తీయించానని చెబితే నౌకరీ, క్వార్టరూ పోతాయి. చెప్పకపోతే మనుషులు పోతారు. బావ ఊరు దాటడం మానేశాడు. రోజూ పొద్దున్నే కప్పు మీద బోర్లా పడుకుని, చిన్న సుత్తితో తట్టి వినేవాడు. మాక్లూర్‌లో నా పెళ్ళికి కూడా రాలేదు.

"నువ్వు లగ్గం జేసుకున్నది నన్నా, గా కప్పునా?" అంది అక్క.

బావ నవ్వలేదు. "నేను పోతే దాని మాట ఎవలు ఇంటరే?"

ఒకనాడు ఖంగుమనే చోట డొల్లగా మోగింది. ఆ పూటే పదిమందినీ దింపేసి, ఇంజినీరు ముందు నిలబడి బిళ్ళల సంగతంతా చెప్పాడు. ఇంజినీరు తొట్టి ఖాళీ చేయించి, గుంజలు నిలబెట్టించి, ఆ కప్పును బావ చేతే పగలగొట్టించాడు, బావ చేతే మళ్ళీ పోయించాడు. ఈసారి బిళ్ళలు ఒక్కొక్కటీ బావే పెట్టాడు. చివర ఇంజినీరు మళ్ళీ కాగితం చాపితే కలం అందుకోలేదు.

"ముప్పై అన్న నోరే సాబ్ ఇది. ఏడాదికోపారి అడుగుండ్రి, తట్టి సెప్త."

కార్ఖానా మూతపడేదాకా అలా తట్టి చెబుతూ ఆయన అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు సుత్తి పట్టుకుని మెట్ల కింద నేను నిలబడ్డాను. గడువు ఎక్కడో ఏళ్ళ అవతల ఉందనుకుంటాం. కాలం మాత్రం గోరంత మందం అవతలే ఉంటుంది.