రెండో బటన్

మత్సుయే ఊళ్లో సరస్సు ఒడ్డున ఇసోకో నడిపే సత్రానికి బుకింగ్ పేజీ రాసింది కజుయో. అంతకుముందు ఏళ్ల తరబడి అక్కడే ఫోన్లు ఎత్తిన మనిషి. అతిథి చెప్పిందంతా తిరిగి అప్పజెప్పి, "అంతేనాండీ?" అని అడగనిదే ఫోన్ పెట్టేది కాదు. పేజీలను వెనక నుంచి నడిపే స్క్రిప్టులు రాయడం నేర్చాక కూడా ఆ అలవాటు పోలేదు. లోకంలో చాలాచోట్ల ఫారం నింపి ఒక్క బటన్ నొక్కితే పనైపోతుంది. ఇక్కడ నూడుల్స్ కొట్టువాడైనా ఆర్డరు తిరిగి చెప్పందే పొయ్యి వైపు తిరగడు. అందుకే ఆమె స్క్రిప్ట్, సర్వర్‌కు చేరిన వివరాలను మళ్లీ అతిథి ముందు పెట్టి సరేనా అని అడిగేది. రెండో బటన్ నొక్కితేనే ఆ బుకింగును దాచుకునేది.

ఒక వానరోజు హమానక అనే ముసలాయన, పేజీలో బుక్ చేశానంటూ భార్యతో దిగాడు. ఆయన పేరున గది లేదు. ఇసోకో తన సొంత గది ఇచ్చి, కజుయోను పిలిపించింది.

"ఇలా ఎంతమందిని పోగొట్టుకున్నామో. రేపటి నుంచి మళ్లీ ఫోన్లూ ఫ్యాక్సులే. నీ పేజీ తీసెయ్."

కజుయో ముసలాయన పక్కన కూర్చుని, ఎలా బుక్ చేశారో చేసి చూపమంది. ఆయన పేరూ ఫోన్ నంబరూ తేదీ నింపి, మొదటి బటన్ నొక్కాడు. వివరాలు తిరిగి కనబడ్డాయి. ఫోన్‌కు కాస్త తల వంచి, జేబులో పెట్టేసుకున్నాడు.

"అక్కడే ఆపేశారేంటి తాతగారూ?"

"నా పేరు గౌరవంగా తిరిగి చెప్పిందిగా తల్లీ. మళ్లీ నొక్కి ఇంకా పొడిగిస్తే ఏం బాగుంటుంది?"

ఆయన భార్య మూతి తిప్పింది. "నా ముందు మాత్రం ఇంత మర్యాద ఎప్పుడూ లేదు."

కజుయోకు దారి దొరికింది. మొదటి బటన్‌తోనే వివరాలు సర్వర్‌కు వచ్చేస్తున్నాయి. వచ్చినదాన్ని జారవిడుస్తున్నది తన స్క్రిప్టే.

"పేజీ తియ్యను, యజమానమ్మా," అంది. "మొదటిసారి పంపిందే దాచి ఉంచుతాను. రెండో నొక్కు రాకపోతే ఆ పేరు మీ బల్ల మీది తెరపైకి వస్తుంది. ఫోన్ చేసి అడుగుదురు గాని."

ఫోన్ చేస్తామన్న సంగతి ఫారం మీదే రాసింది. ఇసోకో సణిగింది గానీ ఈ ఒక్క సీజన్‌కు సరేనంది.

శరదృతువులో తెర మీద మళ్లీ హమానక పేరు పడింది. ఫోన్ ఇసోకోయే చేసింది. తేదీ, గది, పొద్దుటి ఆల్చిప్పల సూపు అన్నీ అప్పజెప్పి, "అంతేనాండీ?" అంది.

అటువైపు నుంచి "ఆఁ" అని వినిపించింది. ఆయన ఫోన్‌కు తల వంచుతున్నాడని ఆమెకు తెలుసు. నవ్వుకుంటూ తన తెర మీద రెండో బటన్ తనే నొక్కింది.